ఒక్క చేత్తో కాని వైద్యం

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు బోదకాలు మాత్రలు కొత్త కాదు. ఆశ అక్క ఇంటికి వస్తుంది, వయసు అడుగుతుంది, లెక్క చూసి చేతిలో మాత్రలు పెడుతుంది, తన ముందే మింగమంటుంది. అందులో ఒకటి డీఈసీ. గర్భిణులకు సర్కారు దవాఖానలో ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కీళ్లవాతంతో బాధపడేవాళ్లకు డాక్టర్లు వారానికోసారి వేసుకోమని రాసే మెథోట్రెక్సేట్ ఇంకొకటి. ఈ మూడింటి వెనుకా ఒకే పరిశోధనశాల ఉంది. 1940లలో అక్కడ పరిశోధనను నడిపించింది మన తెలుగాయన, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు పోటీ పరీక్షలకు చదివేవాళ్లందరికీ తెలుసు. జీకే పుస్తకంలో ఏటీపీ, ఫోలిక్ యాసిడ్ అంటూ ఒక వరుసలో వచ్చేస్తుంది. ఒక మేధావి, ఒక గది, ఒక ఆవిష్కరణ అన్నట్టు బట్టీ పట్టి ముందుకెళ్లిపోతాం. అయితే ఆయన జీవితాన్ని మొత్తంగా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. వైద్యంలో పక్కవాడి మాట వింటే ఏం జరుగుతుంది, వినకపోతే ఏం పోతుంది అన్నది ఆయన రెండు వైపుల నుంచీ చూశారు. విద్యార్థిగా, రోగిగా, ఉద్యోగిగా, చివరికి బాస్‌గా. నీట్ రాసేవాళ్లు, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్లు ఈ కోణంలో ఆయన గురించి ఒకసారి తెలుసుకోవాలి.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటి ప్రయత్నంలో సీటు రాలేదని కుంగిపోయేవాళ్లు ఈ ఒక్క లైను గుర్తుపెట్టుకోవచ్చు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకోవడంతో చదువు నడిచింది.

అవి విదేశీ వస్తువులు వదిలేయమని గాంధీ పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి సుబ్బారావు చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. మద్రాసు వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నిస్తే అదీ కుదరలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో వైద్యం అంటే పై నుంచి కిందికి దిగే ఆజ్ఞల వరుస. ప్రొఫెసర్ చెప్పింది శిష్యుడు చేయాలి, శిష్యుడు చెప్పింది నర్సు చేయాలి. కింద ఉన్నవాడు వేసుకున్న బట్ట కూడా పైవాడికి ఎదురు మాటలాగే కనిపించింది. అలాంటి చోట చికిత్స గురించి అనుమానం వస్తే ఎవరు నోరు తెరుస్తారు?

రోగిగా ఆయన చూసింది

ప్రభుత్వ ఉద్యోగం రాకపోవడంతో సుబ్బారావు మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పడానికి చేరారు. ఇంగ్లిష్ వైద్యం చదివినవాడు ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పడం ఇప్పటికీ కొందరికి వింతగా అనిపిస్తుంది. లక్ష్మీపతి గారు కూడా అలాంటివారే. ముందు మద్రాసు మెడికల్ కాలేజీలో పాశ్చాత్య వైద్యం చదివి, తర్వాత ఆయుర్వేదం వైపు వచ్చారు. తర్వాతి కాలంలో మద్రాసు రాష్ట్ర ఆరోగ్య మంత్రిగా పనిచేసిన రుక్మిణీ లక్ష్మీపతి ఆయన భార్యే.

ఆ కాలంలోనే సుబ్బారావు ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరినీ తీసుకెళ్లింది స్ప్రూ అనే పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయన చదివిన వైద్యంలో అప్పటికి దానికి సరైన మందు లేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు.

దీన్ని ఈ వైద్యం గొప్పా, ఆ వైద్యం గొప్పా అన్న పంచాయితీలోకి లాగొద్దు. సుబ్బారావు కూడా లాగలేదు. తన చదువుకు బయట ఉన్న చోట ఏదో పనిచేసిందని ఆయన ఒంటితో తెలుసుకున్నారు. అది ఎందుకు పనిచేసిందో, ఈ జబ్బులో ఒంటికి తక్కువవుతున్నది ఏమిటో తేల్చుకోవాలనుకున్నారు. బయటి మాటను కొట్టిపారేయలేదు, అలాగని గుడ్డిగా నమ్మి అక్కడే ఆగిపోనూ లేదు. ఆ ప్రశ్న ఆయన వెంట పాతికేళ్లు నడిచింది.

రాత్రి దవాఖానలో పని, పగలు ల్యాబ్

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు సర్దిన డబ్బుతో 1920ల తొలినాళ్లలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. మళ్లీ వాళ్లిద్దరూ కలుసుకోలేదు. విజయగాథల్లో ఈ మాట ఒక్క వాక్యంలో వెళ్లిపోతుంది గానీ, ఆ మూల్యం చెల్లించిన మనిషి ఇంకొకరు ఉన్నారని మర్చిపోవద్దు.

హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద డిప్లొమా చేశారు. అమెరికాలో వైద్యం చేసే లైసెన్సు లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. మంచాలు సర్దడం, రోగుల మలమూత్రాల పాత్రలు తీయడం లాంటి పని. డాక్టర్ చదువు చదివినవాడు వార్డు బాయ్ వైపు నుంచి దవాఖానను చూడటం అన్నమాట. తెల్లకోటు వేసుకున్నవాళ్లకు కనిపించనివి రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఎన్ని కనిపిస్తాయో ఏ దవాఖానలో పనిచేసే వాళ్లనడిగినా చెబుతారు.

హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన మొదలుపెట్టారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాకు మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. అదే పద్ధతి పట్టుకుని 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. అప్పటివరకు కండరం కదలడానికి లాక్టిక్ యాసిడే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలుతోంది. దాన్ని చెప్పిన హిల్, మేయర్‌హాఫ్ 1922 నోబెల్ అందుకున్నవారు. బోస్టన్ ల్యాబ్ నుంచి వచ్చిన ఈ ఫలితాలు ఆ సిద్ధాంతాన్ని మార్చుకోక తప్పని పరిస్థితి తెచ్చాయి.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఫిస్క్ దగ్గరే పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చాలా ఏళ్ల తర్వాత ఒక విషయం బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ వల్ల వెలుగు చూడలేదని, వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని. నష్టం ఒక్క సుబ్బారావుకే అనుకుంటే పొరపాటు. ల్యాబ్‌లో తొక్కిపెట్టిన ఫలితం డాక్టర్ దాకా చేరదు. డాక్టర్ దాకా చేరనిది రోగి దాకా రాదు.

పెర్ల్ రివర్‌లో అందరికీ ఒకే బల్ల

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. తర్వాత అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ పేరు వదులుకుని కంపెనీకి వెళ్లడం అప్పటి శాస్త్రవేత్తల్లో గౌరవం తగ్గే పనే. కానీ ఇక్కడ ఆయనకు హార్వర్డ్‌లో లేనిది ఒకటి దొరికింది. రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవులు పెంచేవాళ్లు, జంతువుల మీద పరీక్షలు చేసేవాళ్లు, బయటి ఆసుపత్రుల్లో మందు వాడి చూసే డాక్టర్లు అందరినీ ఒకే పని మీద కూర్చోబెట్టే అవకాశం.

ఫోలిక్ యాసిడ్ కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. దాని మొదటి ముక్క మన దేశంలోనే దొరికింది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ 1920ల చివర బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. వాళ్ల తిండిలోనే ఏదో లోపం ఉందని పట్టుకున్నారు. మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారం ఇస్తే రక్తం పెరుగుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో పనిచేసేది ఏమిటో తెలియదు. 1941లో టెక్సాస్‌లో కొందరు శాస్త్రవేత్తలు 4 టన్నుల పాలకూర లాంటి ఆకు నుంచి చిటికెడు పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అటు కొన్ని రకాల బ్యాక్టీరియాను పెంచేవాళ్లకు కాలేయంలో ఉండే ఏదో పదార్థం లేకపోతే అవి పెరగడం లేదని తెలిసింది. మూడు చోట్ల మూడు రకాల మనుషులు ఒకే దాన్ని వేరువేరు పేర్లతో తడుముతున్నారన్నమాట.

ఈ పదార్థాన్ని శుద్ధి చేసి, దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారు చేసింది లెడర్లీ బృందం. 1945లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ప్రకటన మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావు వారిలో ఒకరు. పేర్లు అక్షర క్రమంలాంటి వరుసలో ఉంటాయి గానీ డైరెక్టర్ పేరు తలమీద కూర్చుని ఉండదు. తన ఫలితాలు తొక్కిపెట్టిన చోటు నుంచి వచ్చిన మనిషి, తన చేతికి అధికారం వచ్చాక ఇలా చేశారు.

మందు తయారైంది కాబట్టి పని అయిపోలేదు. దాన్ని ఆసుపత్రుల్లోని డాక్టర్లకు పంపారు. స్ప్రూ రోగుల్లో రక్తం కోలుకుంది. ఇద్దరు సోదరులను తీసుకెళ్లిన జబ్బుకు తన ల్యాబ్ నుంచి మందు వెళ్లడం సుబ్బారావు చూశారు. కానీ అదే డాక్టర్లు ఇంకో కబురు కూడా పంపారు. పెర్నిషస్ అనీమియా అనే ఇంకో రకం రక్తహీనతలో ఫోలిక్ యాసిడ్‌తో రక్తం మెరుగవుతోంది, నరాల దెబ్బ మాత్రం ఆగడం లేదు. అంటే అక్కడ తక్కువైనది వేరే ఏదో. అది విటమిన్ బీ12 అని 1948లో వేరే సంస్థలు దాన్ని వేరుచేశాక తేలింది. మంచం పక్కన ఉన్నవాళ్ల మాట ల్యాబ్ విని ఉండకపోతే, రక్తం రిపోర్టు బాగుందని సంబరపడుతూ రోగిని కుంటివాడిని చేసేవాళ్లు.

ఇదే ల్యాబ్‌లో 70 ఏళ్లు దాటిన బెంజమిన్ డుగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త కూడా పనిచేశారు. యూనివర్సిటీలో రిటైరై వచ్చినాయన. వైద్యుడు కాదు. రకరకాల చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాల్లో సూక్ష్మజీవులను వెతుకుతూ, మిస్సోరి మట్టిలో బంగారు రంగు పదార్థం తయారుచేసే ఒకదాన్ని పట్టుకున్నారు. అదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. 1947లో బోదకాలుకు డీఈసీ వచ్చింది కూడా ఇక్కడి నుంచే.

ఎవరూ వినని డాక్టర్

ఇప్పుడు బోస్టన్‌కు తిరిగి వెళ్దాం. హార్వర్డ్ మెడికల్ స్కూల్ పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవారు. అంటే కణజాలాన్ని, చనిపోయినవాళ్ల శరీరాలను పరీక్షించి జబ్బు ఏమిటో చెప్పే డాక్టర్. వార్డుల్లో పిల్లలకు వైద్యం చేసేవాళ్ల దృష్టిలో ఆయన బయటివాడు. మందు రాయడం ఆయన పని కాదని వాళ్ల భావం.

అప్పట్లో పిల్లలకు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వస్తే వారాల్లోనో, నెలల్లోనో చనిపోయేవాళ్లు. రక్తం ఎక్కించడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని మెరుగుపరుస్తోంది కదా, ఇక్కడా పనిచేస్తుందేమో అని ఫార్బర్ లెడర్లీ నుంచి ఫోలిక్ యాసిడ్ రకాలు తెప్పించి వాడి చూశారు. ఫలితం తిరగబడింది. జబ్బు ఇంకా వేగంగా ముదిరినట్టు ఆయనకు కనిపించింది.

ఇక్కడే ఇద్దరు మనుషుల తీరు చూడండి. ఫార్బర్ ఆ చేదు ఫలితాన్ని దాచుకోలేదు. ఫోలిక్ యాసిడ్ జబ్బును పెంచుతుంటే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును తగ్గించాలి కదా అని తిప్పి ఆలోచించారు. సుబ్బారావు బృందం దగ్గర అలాంటివి తయారవుతున్నాయి. డోరిస్ సీగర్, ఆమె తోటి రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ యాసిడ్ అణువులో చిన్న మార్పు చేసి, కణాన్ని మోసం చేసే నకిలీలు తయారుచేశారు. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటివి. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. తమ కంపెనీ గర్వంగా చెప్పుకునే విటమిన్ హాని చేసిందని చెప్పిన డాక్టర్‌కు, సుబ్బారావు దానికి విరుగుడు పంపారు.

1947 డిసెంబర్ చివర్లో అమినోప్టెరిన్ వాడకం మొదలైంది. ఆసుపత్రిలోని చాలామంది డాక్టర్లు ఫార్బర్‌కు సహకరించడానికి ఇష్టపడలేదు. ఎలాగూ బతకని పిల్లలను మందులతో హింసించకుండా ప్రశాంతంగా పోనివ్వాలన్నది వాళ్ల వాదన. వాళ్లను విలన్లుగా చూడటం తేలిక, కానీ న్యాయం కాదు. మందు విషం లాంటిదే, ఫోలిక్ యాసిడ్‌తో అప్పటికే ఒక ప్రయత్నం బెడిసికొట్టింది. పిల్లల బాధ కళ్లారా చూసేది వాళ్లే. వాళ్ల ప్రశ్నలో నిజం ఉంది. అయితే ప్రశ్న వేయడం వేరు, చేయి కలపకుండా పక్కకు జరగడం వేరు. అనుమానం ఉన్నవాళ్లు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటే మోతాదు, దుష్ప్రభావాలు, ఎప్పుడు ఆపాలి అన్నవి ఇంకా జాగ్రత్తగా తేలేవి.

1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. తాత్కాలికమే. కొన్ని నెలల తర్వాత మళ్లీ తిరగబెట్టింది. కానీ రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని అలా తెలిసింది. ఆ వ్యాసం రాసిన ఐదుగురిలో సుబ్బారావు పేరు లేదు. అది వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు.

నాలుగు మందుల జట్టు

అమినోప్టెరిన్ స్థానంలో దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ వచ్చింది. అదీ లెడర్లీదే. కానీ ఒక్క మందుతో ల్యుకేమియా పూర్తిగా తగ్గడం లేదు. 1960ల మొదట్లో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే డాక్టర్లు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో నాలుగు మందులను కలిపి ఇచ్చారు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. ఇంకొకటి మెర్కాప్టోప్యూరిన్. దాన్ని తయారుచేసింది గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్. అవును, సుబ్బారావు పనిని తొక్కిపెట్టారని చెప్పిన ఆ హిచింగ్సే. ఫిస్క్ ల్యాబ్ నుంచి వేరువేరు దారుల్లో వెళ్లిన ఇద్దరి మందులు ఒక పిల్లవాడి ఒంట్లో కలిశాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియాకు ఈ రెండూ ఇప్పటికీ చికిత్సలో భాగమే. వైద్యం బాగా అందే దేశాల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో 10 మందికి దాదాపు 9 మంది బతుకుతున్నారు.

ఫార్బర్ కూడా మందు దగ్గరే ఆగలేదు. డాక్టర్, నర్సు, పోషకాహార నిపుణులు, కుటుంబంతో మాట్లాడే సోషల్ వర్కర్ అందరూ ఒకే చోట కూర్చుని ఒక్కో పిల్లవాడి గురించి నిర్ణయించాలన్న పద్ధతి తెచ్చారు. ఈరోజు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు అని వింటుంటాం. సర్జన్, మందులిచ్చే డాక్టర్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్టు, స్కాన్ చదివే రేడియాలజిస్టు ఒక రోగి ఫైలు ముందు పెట్టుకుని వాదించుకుంటారు. ఆపరేషన్ ముందా, మందులు ముందా అన్నది అక్కడ తేలుతుంది. సర్జన్ ఒక్కడినే అడిగితే కత్తి గుర్తొస్తుంది, మందుల డాక్టర్‌ను అడిగితే సెలైన్ గుర్తొస్తుంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు, ఎవరికి తెలిసిన పని వాళ్లకు ముందు తోస్తుంది అంతే.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి దగ్గరి అలవాటు ఒకటుంది. ఎంత సీనియర్ రాసిన కోడ్ అయినా ఇంకొకరు చూడకుండా అసలు ప్రోగ్రామ్‌లో కలపరు. నిన్న చేరిన జూనియర్ తప్పు పట్టినా అది అవమానం కాదు, రోజువారీ పని. పోలికకు హద్దు ఉంది. సర్వర్ పడిపోతే మళ్లీ లేపొచ్చు, మనిషి విషయంలో అది కుదరదు. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వస్తే మీటింగ్ పెట్టుకుని కూర్చోలేరు. చివరికి బాధ్యత ఒకరు తీసుకోవాల్సిందే. పదిమంది పది మాటలు చెప్పి ఎవరూ జవాబుదారీ కాకపోతే అదీ ప్రమాదమే. అందుకే అడగడం ఎంత ముఖ్యమో, అందరి మాటా విన్నాక ఇది నా నిర్ణయం అని నిలబడటమూ అంతే ముఖ్యం.

మన దగ్గర ఇది ఎక్కడ ఆగుతోంది?

పెద్దపల్లిలో చూపించుకుని, కరీంనగర్ వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్ పోయే కుటుంబాలు మనకు కొత్త కాదు. ప్రతి చోటా పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. చాలామంది రెండో డాక్టర్ దగ్గరికి దొంగచాటుగా వెళ్తారు. మొదటి సారుకు తెలిస్తే కోపం వస్తుందేమో, రేపు అవసరం పడితే చూడడేమో అని భయం. రెండో డాక్టర్‌కు పాత కాగితాలు చూపించరు. దాంతో ఇద్దరు డాక్టర్లూ సగం సమాచారంతోనే వైద్యం చేస్తారు. డాక్టర్ల వైపూ ఇబ్బందులున్నాయి. ఓపీలో వందలమంది బయట నిలబడి ఉంటే పక్క విభాగానికి ఫోన్ చేసి మాట్లాడే తీరిక ఎక్కడిది? ఇంటర్నెట్‌లో చదివింది తెచ్చి వాదనకు దిగే బంధువులూ తక్కువేం లేరు.

అయినా నియమం మాత్రం స్పష్టంగా ఉంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం తీవ్రమైన జబ్బుల్లో, అనుమానం ఉన్న, కష్టమైన కేసుల్లో డాక్టర్ ఇంకో వైద్యుడిని సంప్రదించాలి. అది కేవలం రోగి మేలు కోసమే ఉండాలి. రోగి తన వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉంది. కాబట్టి దొంగచాటుగా వెళ్లాల్సిన అవసరం లేదు. ఇంకొకరికి చూపించుకుంటాం సార్, రిపోర్టుల కాపీలు ఇవ్వండి అని మర్యాదగా అడగొచ్చు. మంచి డాక్టర్ నొచ్చుకోడు.

రామగుండంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మన పిల్లలు ఊరికి దగ్గరలోనే డాక్టర్లవుతారు. వాళ్ల పక్కనే నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్, ఎక్స్‌రే టెక్నీషియన్లు తయారవుతారు. ఈ కోర్సుల్లో చేరేవాళ్లు ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇది అనుకోవద్దు. మోతాదు ఎక్కువ పడిందని ముందు గమనించేది చాలాసార్లు ఫార్మసిస్టే. రాత్రి రెండింటికి రోగి ఊపిరి మారిందని పట్టుకునేది నర్సే. నమూనా పాడైంది, రిపోర్టు నమ్మొద్దు అని చెప్పగలిగేది ల్యాబ్‌లో కూర్చున్న మనిషే. చెప్పాల్సింది చెప్పడం నేర్చుకోవాలి. ఎలా చెప్పాలంటే, ఏం చూశారో, ఎప్పుడు చూశారో, దేని గురించి అనుమానమో మూడు ముక్కల్లో. సారుకు ఎదురు చెబుతున్నట్టు కాకుండా, రోగి గురించి చెబుతున్నట్టు.

డాక్టర్ కాబోయేవాళ్లకు ఇంకో పని ఉంది. కింద ఉన్నవాళ్లు నోరు తెరిచేలా చూసుకోవడం. రౌండ్స్‌కు వెళ్లినప్పుడు నర్సును పేరుతో పలకరించి రాత్రి ఎలా ఉందని అడగడానికి అర నిమిషం పడుతుంది. తెలియనిదాన్ని తెలియదని, ఫలానా డాక్టర్‌ను అడుగుదామని రోగి ముందే చెబితే పరువేమీ పోదు. సుబ్బారావు గారు లైసెన్సు లేని డాక్టర్. అమెరికాలో ఒక్క రోగికీ మందు చీటీ రాయలేదు. రాసేవాళ్ల మాట విని, వాళ్లడిగింది తయారుచేసి పంపారు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. వాటికన్నా ఎక్కువగా, ఫోలిక్ యాసిడ్ ప్రకటన మీద ఉన్న ఆ 16 పేర్లలో ఆయన పేరు మధ్యలో ఎక్కడో ఉండటాన్ని మన మెడికోలు ఒకసారి చూడాలి.